పిల్లల జాడీలు: ఇంట్లో పులియబెట్టే ప్రాజెక్టు డైరీ

శనివారం, ఏర్పాట్లు

ఈ సెలవుల్లో పిల్లలిద్దరితో కలిసి మూడు పనులు మొదలుపెడుతున్నాము. పాలు తోడుపెట్టడం మొదటిది, క్యాబేజీని ఉప్పులో పులియబెట్టడం రెండవది, పిండి, నీళ్లు కలిపి రొట్టెను పొంగించే పులిసిన పిండిని, అంటే స్టార్టర్‌ను పెంచడం మూడవది. వీటినే ఎంచుకోవడానికి కారణం ఒక్కోదానికి పట్టే సమయం. పెరుగు సంగతి ఒక్క రాత్రిలో తేలిపోతుంది, స్టార్టర్‌కు వారం పది రోజులు పడుతుంది, క్యాబేజీ మూడు నాలుగు వారాలకు గాని నిలకడకు రాదు. ఆరేళ్ల చిన్నవాడికి మొదటి ఫలితం మర్నాటికల్లా కళ్లబడకపోతే మిగతా రెండింటి మీద ఆసక్తి నిలవదు. పదేళ్ల పెద్దమ్మాయికి మాత్రం రోజుకు కాస్త చొప్పున మారే పనులే ఎక్కువ నచ్చుతాయి.

1 గ్రాము తేడా కూడా చూపించే వంటింటి త్రాసు, వంట థర్మామీటరు, వెడల్పాటి మూతి ఉన్న గాజు జాడీలు, పులుపును రంగుతో చూపే పీహెచ్ కాగితపు పట్టీలు (పీహెచ్ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), ఒక నోటుపుస్తకం సిద్ధం చేసుకున్నాము. పులియబెట్టడానికి ప్రత్యేకమైన కిట్లు కూడా దొరుకుతాయి గాని, వాటిలో ఏదీ త్రాసు చేసే పని చేయదు. డబ్బు పెట్టవలసిన వస్తువు ఒక్కటే ఉంటే అది త్రాసేనని నా అభిప్రాయం.

పనుల పంపకం మొదటే స్పష్టంగా చెప్పాను. ఉప్పు తూకం, పాల వేడి, చేతుల శుభ్రత, ఏది పారేయాలి అన్న నిర్ణయం నావి, వాటి మీద బేరాలు లేవు. జాడీలో ఏం మారింది, వాసన ఎలా ఉంది, ఇక చాలా లేక ఇంకొన్నాళ్లు ఉంచాలా అన్నవన్నీ వాళ్లవి. పిల్లల కోసం రాసే వంట సూచనల్లో చాలా వరకు ఇది తలకిందులుగా ఉంటుంది. ఉప్పు 'తగినంత' అని వదిలేసి, రోజులు మాత్రం లెక్క పెట్టి చెబుతారు. నిజానికి ఎన్ని రోజులు పడుతుందో గది వేడిని బట్టి మారుతుంది కనుక అది జాడీ దగ్గర నిలబడిన మనిషి ముక్కుకే తెలియాలి. ఉప్పును మాత్రం కంటి అంచనాకు వదలకూడదు.

ఆదివారం రాత్రి, పాల గిన్నెలు

పాలను 85 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి, కొన్ని నిమిషాలు అదే వేడిలో ఉంచాము. ఆ వేడికి పాల విరుగుడు నీటిలో ఉండే ప్రొటీన్లు రూపం మార్చుకుని, పాలలోని మరో ప్రొటీన్ అయిన కేసిన్‌తో పెనవేసుకోవడం వల్లనే పెరుగు గట్టిగా తోడుకుంటుంది. ఆ తర్వాత పాలను నాలుగు చిన్న గిన్నెల్లో పోశాము. మొదటిదాన్ని 43 డిగ్రీలకు చల్లార్చి, తోడువేసి, మందపాటి తువ్వాలు చుట్టి పెట్టాము. రెండవదాన్ని అదే వేడిలో తోడువేసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాము. మూడవదానిలో పాలు ఇంకా 80 డిగ్రీల వేడిలో ఉండగానే తోడు వేశాము. నాలుగవదానిలో తోడే వేయలేదు.

తోడు కోసం తీసుకునే పెరుగులో బతికి ఉన్న సూక్ష్మజీవులు ఉండాలి. తయారయ్యాక మళ్లీ వేడి చేసి డబ్బాల్లో నింపిన పెరుగు ఈ పనికి రాదు కనుక కొనేటప్పుడు డబ్బా మీది మాటలు చదవాలి.

గిన్నెలు కదిలించకముందే ఇద్దరూ తమ ఊహలు రాయాలన్నది షరతు. పెద్దమ్మాయి "మొదటిది మాత్రమే తోడుకుంటుంది" అని రాసింది. చిన్నవాడికి ఇంకా వాక్యాలు రాయడం కష్టం కనుక నాలుగు గిన్నెల బొమ్మలు వేసి, మూడవ గిన్నెలో అన్నిటికంటే ఎక్కువ పెరుగు గీశాడు. ఎందుకని అడిగితే "వేడి ఎక్కువుంటే తొందరగా అవుతుంది కదమ్మా" అన్నాడు. వంటింట్లో వాడు చూసిన ప్రతి పనికీ ఆ లెక్క సరిపోతుంది కాబట్టి నేను సరిదిద్దలేదు.

సోమవారం ఉదయం

మొదటి గిన్నె చక్కగా తోడుకుంది. పక్కకు వంచితే పాలు కదల్లేదు, పైన సన్నని నీరు మాత్రం ఊరింది. మిగతా మూడింటిలోనూ పాలు పాలలాగే ఉన్నాయి. చిన్నవాడు మూడవ గిన్నె ముందు చాలాసేపు నిలబడి, "తోడులో ఉన్నవాళ్లందరూ చచ్చిపోయారా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నా జవాబుకంటే ఇంకొక పరీక్ష మేలు. ఫ్రిజ్‌లో పెట్టిన రెండవ గిన్నెను తీసి, గోరువెచ్చటి నీళ్లలో ఉంచి వేడెక్కించి, తువ్వాలు చుట్టాము. సాయంత్రానికి అది కూడా తోడుకుంది. చల్లదనంలో వాళ్లు పని మానేశారు గాని చనిపోలేదని, 80 డిగ్రీల వేడిలో మాత్రం బతకలేకపోయారని పిల్లలే తేల్చారు. రాత్రంతా బయట ఉన్న మూడవ, నాలుగవ గిన్నెల్లోని పాలను రుచి చూడకుండా పారబోశాము. తోడు లేని వెచ్చటి పాలలో ఏ సూక్ష్మజీవి పెరుగుతుందో మన చేతిలో ఉండదు.

ఈ 'వాళ్లు' ఎవరన్నది పెద్దమ్మాయి ప్రశ్న. పెరుగులో ముఖ్యంగా పనిచేసేవి రెండు రకాల బ్యాక్టీరియా, స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిలస్ బల్గారికస్. రెండవదాన్ని 1905లో బల్గేరియాకు చెందిన స్టామెన్ గ్రిగొరోవ్ అనే యువ పరిశోధకుడు గుర్తించాడు. పాలు పులియడం వెనుక బతికున్న సూక్ష్మజీవులు ఉన్నాయని లూయీ పాశ్చర్ 1857లోనే చెప్పాడు. పాలలోని చక్కెరను అవి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి, పీహెచ్ దాదాపు 4.6కు దిగేసరికి కేసిన్ ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడుతుంది. ఈ వివరణను పెద్దమ్మాయి సొంత మాటల్లో రాసుకుంది, చిన్నవాడికి మాత్రం పట్టీ రంగు మారడమే చాలినంత ఆధారం.

మంగళవారం, క్యాబేజీ

ఈ రోజంతా దీనికే కేటాయించాము. తెల్ల క్యాబేజీ పెద్దమ్మాయిది, ఊదారంగు క్యాబేజీ చిన్నవాడిది. పై ఆకులు రెండు విడిగా దాచి, నడిమి దుంపను తీసేసి, మిగతాది నేను సన్నగా తరిగాను. తెల్లది 900 గ్రాములు, ఊదాది 750 గ్రాములు తూగాయి. బరువులో 2 శాతం ఉప్పు వేయాలని చెబితే పెద్దమ్మాయి 18 గ్రాములు, 15 గ్రాములు అని లెక్క కట్టింది. త్రాసు మీద ఉప్పు పోయడం తమ్ముడికి అప్పగించి, తను పక్కన నిలబడి "ఇంకా రెండు గ్రాములు, ఇంకా ఒకటి" అని చెప్పింది. క్యాబేజీకి 2 నుంచి 2.5 శాతం దాకా ఉప్పు ఆనవాయితీ. మరీ తగ్గితే మనకు అక్కరలేని బ్యాక్టీరియాకు చోటు దొరుకుతుంది, ముక్కలు మెత్తబడతాయి. మరీ ఎక్కువైతే మనకు కావలసినవే మందగిస్తాయి.

తర్వాత పిసకడం. పిల్లలతో ఈ పని చేయాలనుకునే వాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఈ అంచె దగ్గర తొందరపడవద్దని. మొదట్లో తరుగు చేతికింద కరకరలాడుతుంది, పిడికిట్లో పట్టుకుంటే స్ప్రింగులాగా వెనక్కి లేస్తుంది. కొంతసేపటికి ఆ చప్పుడు తగ్గి తడి చప్పుడుగా మారుతుంది, ముక్క విరగకుండా వంగుతుంది, గిన్నెను ఒక పక్కకు వంచితే అడుగున నీళ్లు చేరినట్టు కనిపిస్తుంది. "మనం నీళ్లు పోయలేదు కదా" అని చిన్నవాడు ఆశ్చర్యపోయాడు. ఉప్పు ఆకు కణాల్లోని నీటిని బయటికి లాగుతుందని చెప్పి, ఒక్క చిటికెడు ఉప్పును విడిగా ఒక ముక్క మీద వేసి చూపించాను. కాసేపట్లో దాని చుట్టూ చెమ్మ చేరింది. చేతి మీద గీతలు, పుండ్లు ఉంటే ఉప్పు మండుతుంది కనుక పిల్లలకు ముందే చేతులు చూసి, అవసరమైతే తొడుగులు వేయాలి.

ఊదా క్యాబేజీ పిసికిన చిన్నవాడి చేతులు ముదురు ఊదాకు తిరిగాయి. సబ్బుతో రుద్దగానే ఆ రంగు నీలంలోకి మారింది. పెద్దమ్మాయి కుళాయి కట్టేసి, "మళ్లీ రుద్దు" అని వాడిచేత చేయించి, ఆ మాట నోటుపుస్తకంలో ఎక్కించింది. దీనికి వివరణ నేను అప్పుడే చెప్పలేదు.

జాడీల్లో తరుగును పిడికిలితో అణిచి నింపి, పైన దాచిపెట్టిన ఆకును మడిచి కప్పి, దాని మీద చిన్న గాజు గ్లాసును బరువుగా పెట్టాము. ముక్కలన్నీ ఉప్పునీటిలో మునిగి ఉండాలి. గాలి తగిలిన చోట బూజు పడుతుంది, గాలి అందని చోట లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా హాయిగా పెరుగుతుంది. పైన మూడు నాలుగు వేళ్ల ఖాళీ వదిలి, మూతను బిగించకుండా ఉంచి, జాడీ కింద పళ్లెం పెట్టాము. మూత బిగించి వదిలేస్తే లోపల పుట్టే వాయువుకు దారి లేక గాజు పగిలే ప్రమాదం ఉంది. పిల్లలున్న ఇంట్లో ఇది రాజీ పడకూడని నియమం.

జాడీలను సబ్బుతో కడిగి వేడినీళ్లతో తొలిస్తే చాలు, ఆకులను మాత్రం మామూలు నీళ్లతో కడగాలి. మనకు కావలసిన బ్యాక్టీరియా ఆ ఆకుల మీదే ఉంది. బయటినుంచి తోడు వేయనక్కరలేని పని ఇదని తెలిసి పిల్లలు మిగిలిన ఆకును భూతద్దంతో వెతికారు. అంత చిన్నవి భూతద్దానికి అందవని చెప్పినా కొంతసేపు వెతుకుతూనే ఉన్నారు.

బుధవారం, స్టార్టర్

50 గ్రాముల ముడి గోధుమపిండి, 50 గ్రాముల నీళ్లు కలిపి ఒక సీసాలో పోసి, మట్టం దగ్గర రబ్బరు బ్యాండు చుట్టాము. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కనుక కాచి చల్లార్చినవి వాడాము. పచ్చి పిండిలో హానికరమైన బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది కనుక దీన్ని నాలుక మీద పెట్టకూడదని, ముట్టుకున్నాక చేతులు కడగాలని ఇద్దరిచేతా చెప్పించాను.

గురువారం, శుక్రవారం

క్యాబేజీ జాడీల్లో బుడగలు మొదలయ్యాయి. గాజుకు చెవి ఆనించి వింటే చిన్నగా చిటపట వినిపిస్తోంది. తెల్ల క్యాబేజీ నీరు కాస్త మబ్బుగా మారింది, పళ్లెంలోకి కొద్దిగా పొంగింది. గంధకం వాసనలాంటిది వస్తోందని పెద్దమ్మాయి ముఖం చిట్లించింది. క్యాబేజీ జాతి కూరలు పులిసే తొలి రోజుల్లో ఆ వాసన సహజం. ఈ దశలో ముందుండేది ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బ్యాక్టీరియా. ఆమ్లంతోపాటు బొగ్గుపులుసు వాయువును కూడా అదే విడుదల చేస్తుంది. పులుపు పెరిగేకొద్దీ దానికి బతకడం కష్టమై, పులుపును ఎక్కువగా తట్టుకునే లాక్టోబాసిలస్ జాతులు ముందుకొస్తాయి. ఒకరు సిద్ధం చేసిన చోటును ఇంకొకరు అందుకోవడం చిన్నవాడికి బాగా నచ్చి, జాడీ మీద రెండు రంగుల చుక్కలతో ఆ కథ బొమ్మ అంటించాడు.

మంగళవారంనాటి రంగు సంగతి విప్పడానికి ఇదే సమయం. తాజా ఊదా క్యాబేజీ ముక్కలను నీళ్లలో నానబెట్టి ఆ నీటిని మూడు తెల్లటి గిన్నెల్లో పోశాము. ఒకదానిలో నిమ్మరసం పిండితే గులాబీ రంగు వచ్చింది, ఇంకొకదానిలో వంటసోడా వేస్తే నీలం మీదుగా ఆకుపచ్చకు తిరిగింది, మూడవదాన్ని అలాగే ఉంచాము. ఆంథోసయనిన్ అనే వర్ణకం ఆమ్లానికి ఒక రంగు, క్షారానికి ఒక రంగు చూపిస్తుంది. సబ్బు క్షారమని పెద్దమ్మాయి వెంటనే అందుకుంది. ఆపై ఇద్దరూ జాడీలోంచి ఒక చెంచా నీరు తీసి తెల్ల గిన్నెలో పోసి చూశారు. అప్పటికే మంగళవారంనాటి ఊదా కొంత ఎర్రబారింది. రోజూ ఆ రంగుకు దగ్గరగా ఉన్న పెన్సిలుతో పుస్తకంలో ఒక గడి నింపాలని వాళ్లే నిర్ణయించుకున్నారు. పీహెచ్ పట్టీ కంటే ఈ గడుల వరుసే చిన్నవాడికి నమ్మకమైన లెక్క.

వారాంతం, స్టార్టర్ మౌనం

రెండు రోజుల్లోనే స్టార్టర్ రబ్బరు బ్యాండును దాటి పొంగింది, ఆ వెంటనే పూర్తిగా చల్లబడిపోయింది. రోజూ సగం తీసేసి, కొత్త పిండి, నీళ్లు సమంగా కలుపుతున్నా కదలిక లేదు. పెద్దమ్మాయి "చచ్చిపోయింది, పారేద్దాం" అంది. ఇక్కడే చాలామంది సీసా ఖాళీ చేసేస్తారు. మొదటి పొంగు రొట్టెను పొంగించే సూక్ష్మజీవి అయిన ఈస్ట్ వల్ల వచ్చినది కాదు, పిండిలో ముందే ఉన్న రకరకాల బ్యాక్టీరియా వల్ల వచ్చినది. పులుపు పెరగడంతో అవి వెనక్కి తగ్గాయి, ఆ పులుపును తట్టుకునే ఈస్ట్ ఇంకా సంఖ్యలో పెరగాలి. పాల గిన్నెల్లో చనిపోవడానికీ పని ఆపడానికీ మధ్య తేడా చూసిన చిన్నవాడు అక్కను ఆపి, వారం చివరిదాకా గడువు ఇప్పించాడు. నేను కల్పించుకోలేదు.

మరుసటి వారం

స్టార్టర్ మళ్లీ లేచింది. మొదట చిన్న బుడగలు, తర్వాత కలిపిన ఆరేడు గంటల్లో రెట్టింపు ఎత్తు. వాసన కూడా మారింది. మొదట్లో తడి పిండి వాసన, మౌనంగా ఉన్న రోజుల్లో ముక్కు తిప్పుకునే వాసన, ఇప్పుడు పండిన పళ్ల వాసన. ఈ మూడింటినీ వరుసగా పట్టుకున్నది పెద్దమ్మాయి.

చిన్నవాడి జాడీ మీద తెల్లటి పలచని పొర ఒకటి కట్టింది. వాడు భయపడ్డాడు. ఇది కామ్ ఈస్ట్ అనే పొర, చదునుగా, ముడతలు పడినట్టు, నీటి మీద పరుచుకుని ఉంటుంది. హాని చేయదు గాని వదిలేస్తే రుచి చెడగొడుతుంది. చెంచాతో తీసేసి, గ్లాసు కడిగి, ముక్కలను మళ్లీ నీటి కిందికి నొక్కాము. బూజు సంగతి వేరు. ఎత్తుగా, నూగుగా, పచ్చగా గాని నల్లగా గాని గులాబీగా గాని కనిపిస్తే పైది తీసేసి కిందిది తినడం లేదు, మొత్తం పారేయడమే. బాగుందో చెడిందో తెలుసుకోవడానికి రుచి చూడకూడదు, చూపు, వాసన సరిగ్గా ఉన్నాకే రుచి. ఈ ఒక్క తీర్పు పిల్లలకు వదలనని మొదటే చెప్పాను కనుక పొరను నేనే పరిశీలించి, తేడాను వాళ్లకు చూపించాను.

పీహెచ్ పట్టీ రెండు జాడీల్లోనూ 4 కంటే కిందికి చూపిస్తోంది. బొటులిజం అనే ప్రమాదకరమైన ఆహార విషాన్ని కలిగించే బ్యాక్టీరియా 4.6 లేదా అంతకంటే తక్కువ పీహెచ్ దగ్గర పెరగలేదు. పిల్లల జాడీల విషయంలో ఈ అంకె చూశాకనే నేను రుచికి అనుమతి ఇచ్చాను.

తొలి రుచి

పిల్లలను బలవంతపెట్టకూడదని ముందే అనుకున్నాను. 1768లో ఎండీవర్ నౌకలో బయల్దేరిన కెప్టెన్ జేమ్స్ కుక్ నావికులకు విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ జబ్బు రాకుండా పులిసిన క్యాబేజీని వెంట తీసుకెళ్లాడు. నావికులు మొదట దాన్ని ముట్టలేదు. ఆయన అధికారుల బల్ల మీద రోజూ వడ్డించేలా చేసి, మిగతావాళ్ల ఇష్టానికి వదిలేశాడు. వారం తిరక్కముందే అందరికీ కొలిచి పంచాల్సి వచ్చిందని 1769లో తన దినచర్యలో రాసుకున్నాడు. పెద్దమ్మాయికి ఈ కథ చెప్పాను, చిన్నవాడి మీద ప్రయోగించాను. భోజనంలో నా పళ్లెంలో మాత్రమే రెండు చెంచాలు వడ్డించుకున్నాను. వాడు అడిగి తీసుకున్నాడు, నమిలి, "నాలుక పక్కన గుచ్చుతోంది" అన్నాడు. పుస్తకంలో ఆ మాటే ఎక్కింది. పెద్దమ్మాయి తన జాడీకి పులుపు ఇంకా చాలదని, కరకర మాత్రం బాగుందని, ఇంకో వారం ఉంచాలని తీర్పు చెప్పింది. చిన్నవాడు తనది ఇక చాలన్నాడు, దాన్ని ఫ్రిజ్‌లోకి మార్చాము. ఒకే రోజు పెట్టిన రెండు జాడీలకు రెండు వేర్వేరు ముగింపు తేదీలు ఉండడం సరైనదే.

దీన్ని మందుగా పిల్లలకు పరిచయం చేయడం నాకు ఇష్టం లేదు. ఉప్పు ఎక్కువగా ఉన్న పదార్థం కనుక చెంచా రెండు చెంచాలకు మించి వడ్డించను. ఏడాది నిండని పసిపిల్లలకు ఇది పెట్టకూడదు. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఇంట్లో ఉంటే ముందు వైద్యుణ్ణి అడగాలి.

రొట్టె, తర్వాతి విడత

500 గ్రాముల పిండి, 350 గ్రాముల నీళ్లు, పొంగి ఉన్న స్టార్టర్ 100 గ్రాములు, 10 గ్రాముల ఉప్పుతో రొట్టె చేశాము. ముద్దను మధ్యమధ్య మడతపెడుతూ పొంగనిచ్చి, రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి, ఉదయం మూత ఉన్న బరువైన పాత్రలో పెట్టి ఓవెన్‌లో కాల్చాము. నడిమిభాగం 95 డిగ్రీలు దాటాక తీసి, చల్లారేదాకా కోయలేదు. కోసిన ముక్కను వెలుగుకు పట్టి, చిల్లుల గుండా చూస్తూ ఇద్దరూ ఒక్కొక్క చిల్లూ ఏ బుడగదో వాదించుకున్నారు.

తర్వాతి విడతకు క్యారెట్లు ఎంచుకున్నాము. వాటినుంచి క్యాబేజీలాగా నీరు ఊరదు కనుక ఉప్పునీరు విడిగా పోయాలి. ముక్కలు 500 గ్రాములు, నీళ్లు 500 గ్రాములు, మొత్తం బరువులో 3 శాతం అంటే 30 గ్రాముల ఉప్పు. ఈసారి రెండు జాడీల్లోనూ ఒకే కూర, ఒకే ఉప్పు, చోటు మాత్రం వేరు. ఒకటి ఇంట్లో చల్లగా ఉండే మూలన, ఇంకొకటి వంటింట్లో పొయ్యికి దూరంగా ఉన్న అరలో. రెండు చోట్లా ఉదయం, సాయంత్రం థర్మామీటరు చూసే పని చిన్నవాడు తీసుకున్నాడు. వెచ్చటి జాడీ ముందు పులుస్తుందని ఇద్దరూ రాశారు. ముక్కలు ఏ జాడీలో గట్టిగా ఉంటాయన్న దగ్గర మాత్రం వాళ్ల ఊహలు వేరుపడ్డాయి.